మర్యాద కోసం మరికాస్త పౌడరు

మీకో మహాకావ్యం చెప్పబోతున్నాను. ఇందులో నెత్తురుంది, కత్తులున్నాయి, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పెట్టిన వీరుడున్నాడు, చావు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన స్త్రీ ఉంది. ఇంత ఊరించాక నిజం కూడా చెప్పేయాలి. ఇది గ్లౌజులు ఉతికి ఆరేసుకోవడం గురించి.

ఊళ్ళ పేర్లు చెప్తాను. ఆస్పత్రి పేరు, మనుషుల పేర్లు చెప్పను. వాళ్ళలో సగం మందికి నన్ను తిట్టే ఓపిక ఇంకా ఉంది.

ఇప్పుడు నర్సింగు చదివి థియేటర్లో చేరుతున్న పిల్లలకు గ్లౌజులు ఉతకడమనే మాటే వింతగా ఉంటుంది. మీకవి పెట్టెల్లో వస్తాయి, ఒకసారి తొడిగి పారేస్తారు. ఎనభైల్లో తెనాలిలో నేను పనిచేసిన ఆస్పత్రిలో రబ్బరు గ్లౌజుకు సుదీర్ఘమైన సర్వీసు ఉండేది. ఆపరేషన్ అయ్యాక సబ్బుతో ఉతికి, నీళ్ళు నింపి ఎక్కడైనా కారుతోందేమో చూసి, థియేటర్ వెనక వరండాలో తీగ మీద ఆరేసేవాళ్ళం. వేళ్ళు కిందికి వేలాడేసుకుని అన్ని చేతులు గాలికి ఊగుతుంటే, రోగుల బంధువులు అటు చూడకుండా తల దించుకుని నడిచేవారు. చిల్లు పడ్డవాటికి ముక్క అంటించి డ్రెస్సింగులకు వాడేవాళ్ళం, మంచివాటికి పౌడరు పట్టించి, గుడ్డలో చుట్టి, డ్రమ్ములో పెట్టి ఆవిరికి పంపేవాళ్ళం. పౌడరు లేకపోతే రబ్బరుకు రబ్బరు అతుక్కుపోతుంది, కడుక్కున్న చేతికి గ్లౌజు ఎక్కదు.

ఆ పనంతా మా ఆయాది. ఆవిణ్ణి డాక్టర్లతో సహా అందరం పిన్నీ అనేవాళ్ళం. పిన్ని పైన అధికారం పెద్ద సిస్టరుది. బాపట్ల మనిషి, థియేటర్ ఇన్‌ఛార్జి, నవ్వడం రాదని కాదు గాని డ్యూటీలో అది నిషిద్ధమని నమ్మేవారు. నేను ఆవిడ కింద చేరిన కొత్త స్టాఫ్ నర్సుని. మాది రేపల్లె దగ్గర పల్లె, లూథరన్ కుటుంబం. మా నాన్నగారు ఆదివారం గుడిలో ప్రసంగం చెప్పేవారు, నేను మిగతా ఆరు రోజులూ చెప్పేదాన్ని.

"థియేటర్లో అందరికీ మాస్కు ఎందుకు పెట్టారో తెలుసా?" అని పెద్ద సిస్టరు మొదటి వారంలోనే అడిగారు.

"క్రిములు పడకుండా అండి."

"కాదు. నీలాంటివాళ్ళు చేరతారని ముందే తెలిసి."

గుంటూరు నుంచి ఒక గుండె సర్జనుగారు వారం విడిచి వారం శనివారం మా ఆస్పత్రికి వచ్చేవారు. గుండెను ఆపి, మిషను మీద మనిషిని నడిపించే పెద్ద ఆపరేషన్లకు మా దగ్గర ఏర్పాటు లేదు. ఆయన చేసేది మరొకటి. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, కీళ్ళజ్వరంగా మారి, పెద్దయ్యాక గుండెలో వాల్వు ఇరుకైపోయిన వాళ్ళు మా ప్రాంతంలో చాలామంది ఉండేవారు. సర్జనుగారు ఎడమవైపు పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్ళి, గుండె కొట్టుకుంటుండగానే అందులోకి వేలు పంపి, ఆ వాల్వును విప్పి వచ్చేవారు. చూడకుండా, తడుముకుంటూ. చీకట్లో బీరువా తాళం తీసినట్టు.

అలాంటి మనిషి వస్తున్నారంటే తెనాలి ఊరుకుంటుందా? ఆయనకు కాఫీ ఏ హోటలు నుంచి తేవాలో అటెండర్లు వాదించుకునేవారు. శుక్రవారం నాడు పిన్ని ఆయన సైజు గ్లౌజులు విడిగా తీసి, మామూలు కంటే రెండింతలు పౌడరు దట్టించేది.

"ఎందుకు పిన్నీ అంత?"

"అంత దూరం నుంచి వస్తన్నాడమ్మా మహానుభావుడు. గ్లౌజు ఎక్కక ఆయన నానా యాతన పడితే మన పరువేం కాను?"

పెద్ద సిస్టరు ఒక గ్లౌజు తీసి అరచేతిలో తట్టి చూసేవారు. తెల్లగా పొగలా లేస్తే తల ఊపేవారు. విస్తట్లో రెండో గరిటె నెయ్యి వడ్డించామన్న తృప్తి ముగ్గురికీ ఉండేది. సర్జనుగారు చెయ్యి ఇలా పెట్టగానే గ్లౌజు మోచేతి దాకా జారిపోయేది. "తెనాలి గ్లౌజు తెనాలి గ్లౌజే" అనేవారాయన. పిన్ని ఆ మాట వారం రోజులు వీధివీధికీ మోసేది.

అలా రెండింతలు మర్యాద జరిగిన ఒక శనివారం మా బల్ల మీదికి రేపల్లె టీచరమ్మ వచ్చింది. ప్రైమరీ స్కూల్లో కొత్తగా ఉద్యోగం, కొత్తగా పెళ్ళి. భర్త రేపల్లెలోనే టైలరు. ఆపరేషన్ హాయిగా జరిగింది. నెల తిరక్కుండా స్కూలుకు వెళ్ళిందని, మరుసటి ఏడాది పాప పుట్టిందని కబురు తెలిసింది. దీన్ని మేం మా విజయాల్లో రాసుకున్నాం. కావ్యం అక్కడే ఆపి ఉంటే ఎంత బాగుండేదో.

ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో గడిచాయి. ఒక శనివారం సర్జనుగారు ఆపరేషన్ ముగించి, గ్లౌజులు తీస్తూ, "సిస్టరుగారూ, ఈ పౌడరు సంగతి కాస్త చూడండి" అని బండెక్కి వెళ్ళిపోయారు.

పెద్ద సిస్టరు మొహం పాలిపోయింది. పిన్నిని పిలిచారు. "సారుకి మన పౌడరు నచ్చలేదు." అంత మాట పిన్ని జన్మలో పడలేదు. ఆ రోజే బజారుకు వెళ్ళి, తన మనవరాలి పెళ్ళికి కొన్న రకం, మల్లెపూల వాసన పౌడరు డబ్బాలు తెచ్చింది. పెద్ద సిస్టరు వాసన చూసి, "బానే ఉంది" అన్నారు. నేను కూడా చూశాను. నిజంగానే బానే ఉంది.

ఆయన మళ్ళీ వచ్చిన శనివారం డ్రమ్ము మూత తీశాం. ఆవిరిలో సగం పోయినా మిగిలిన సగం చాలు. థియేటరంతా ఘుమఘుమలాడింది. సర్జనుగారు కడిగిన చేతులు పైకెత్తి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇవాళ ఎవరి పెళ్ళి?"

"పౌడరు సంగతి చూడమన్నారు కదండి. చూశాం" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆపరేషన్ అయ్యాక మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పారు. గాయం మాన్పడంలో శరీరానికి ఉత్సాహం ఎక్కువ. పక్కన ఏది దొరికితే దానికి అంటించేస్తుంది. ఊపిరితిత్తిని ఛాతీ గోడకు, గుండెను దాని చుట్టూ ఉండే పల్చటి సంచికి. అంటించినందువల్ల మనిషికి వెంటనే నష్టమేమీ లేదు, పైకి తెలియదు కూడా. మళ్ళీ ఆపరేషన్ అవసరమైన రోజున తెలుస్తుంది. దారి ఉండదు. కత్తెర పెట్టిన ప్రతి చోటా ఏది అతుకో ఏది గుండె గోడో తేల్చుకోవాలి. నెత్తురు మిగిలిపోతే అతుకులు పడతాయి, లోపలి పొరలు ఎండిపోతే పడతాయి, పొడి గాజుగుడ్డతో రుద్దితే పడతాయి. పౌడరు రేణువులు రాలితే శరీరం వాటిని పరాయివాళ్ళనుకుని చుట్టూ దారాలు అల్లుతుంది.

పిన్ని తన అరచేతులు చూసుకుంది. "అయితే నేనేసిన పౌడరు లోపల పడతందా బాబూ?"

"కొంత పడుతుందమ్మా. అన్నిటికీ అదే కారణమని నేను చెప్పలేను. ఎప్పట్నించో పుస్తకాల్లో ఉన్నదే, నేనూ పట్టించుకోలేదు. చెయ్యి అంత సులువుగా దూరుతుంటే ఎందుకని ఎవరడుగుతారు?"

సరిగ్గా ఆ నెలలోనే టీచరమ్మ తిరిగొచ్చింది.

ఆస్పత్రి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకుని నిలబడింది. నన్ను గుర్తుపట్టి నవ్వింది. "పాఠం చెప్తుంటే వాక్యం మధ్యలో ఊపిరికి ఆగాల్సొస్తందక్కా. డిక్టేషన్లో పిల్లలు అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టేస్తన్నారు."

"తప్పు వేస్తున్నావా?"

"ఎలా వేస్తాను. ఆగింది నేనేగా."

వాల్వు మళ్ళీ ఇరుకైంది. ఇలా జరగడం మామూలే. మందులతో లాగించే దశ దాటిపోయింది. రెండోసారి తెరవాలి, అదే దారిలో. పాప రెండో తరగతి, వాళ్ళమ్మ క్లాసులోనే. బళ్ళో టీచర్ అనాలి కాబట్టి ఇంట్లో కూడా మర్చిపోయి టీచర్ అంటుందట.

సర్జనుగారు మంచం దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ సూటిగా అడిగింది. "మూడోసారి కూడా ఉంటుందా సార్?"

"ఉండొచ్చమ్మా. లేదని అబద్ధం చెప్పను."

"పాప టెన్త్ అయ్యేదాకా ఉంటే చాలండి."

"టెన్త్ దాకా అని బేరం పెట్టకండి. నేను బేరాల్లో ఓడిపోతుంటాను."

భర్త మంచం వెనక నిలబడి ఉన్నాడు. మెడలో ఇంచీల టేపు అలాగే వేలాడుతోంది, తీసి రావడం మర్చిపోయాడు. "సార్, ఒక్క మాటండి. మళ్ళీ విప్పాల్సొస్తదంటున్నారు కదా. లోపల కాస్త వదిలి కుట్టండి."

నాకు నవ్వు రావాల్సిన చోటు అది. రాలేదు. సర్జనుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, "చూస్తాను" అన్నారు.

ఆ శనివారం ఉదయం గ్లౌజుల మీద పౌడరు పేరుకు మాత్రమే ఉంది. అవి తొడుక్కున్నాక అందరం సెలైన్ పోసిన రెండు పళ్ళాల్లో ఒకదాని తర్వాత ఒకటి ముంచి, తడిగుడ్డతో తుడుచుకోవాలని సర్జనుగారి ఆజ్ఞ. పొడి గాజుగుడ్డ అనేది థియేటర్లో కనిపించకూడదు. పెద్ద సిస్టరు స్వయంగా పళ్ళాల దగ్గర కాపలా నిలబడ్డారు. సర్జనుగారు ఒకసారి ముంచి కదలబోతే, "రెండోది" అన్నారు. ఆయన వెనక్కొచ్చి ముంచారు. పిన్ని గుమ్మం బయట స్టూలు మీద కూర్చుంది. ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదు, లేవమనీ అనలేదు.

తెరిచాక కనిపించింది మీకు చెప్పాలంటే, తడిసి ఎండిన పుస్తకాన్ని తలుచుకోండి. ఏ పేజీ విడిగా రాదు. ఊపిరితిత్తి గోడకు అతుక్కుంది, సంచి ఊపిరితిత్తికి అతుక్కుంది, గుండె సంచికి అతుక్కుని అందులోనే కొట్టుకుంటోంది. సర్జనుగారు కత్తెర కొసతో వెంట్రుకవాసి చొప్పున విడదీస్తూ పోయారు. మొదటిసారి పది నిమిషాల్లో చేరిన చోటుకు ఈసారి ఉదయమంతా పట్టింది. నేను తడిగుడ్డలు అందిస్తూ, ఎండిన చోటల్లా సెలైన్ పోస్తూ నిలబడ్డాను. ఆయన ఒక్కసారి మాత్రం, "మనం చేసిందే" అన్నారు. ఎవరితోనో తెలియదు.

తర్వాత గుండె పైగది గోడ చిరిగింది. చిన్న చిరుగే. కోసిన గుంట క్షణంలో నెత్తురుతో నిండిపోయింది, లోపల ఏమీ కనబడలేదు. సర్జనుగారు వేలు పెట్టి చిరుగును మూశారు. మత్తు డాక్టరుగారు రక్తం సీసా మార్చారు. పెద్ద సిస్టరు పళ్ళాల దగ్గర నుంచి వచ్చి నా వెనక నిలబడ్డారు. కాపలా వదిలి ఆవిడ కదలడం ఆ ఉదయం అదే మొదటిసారి.

"కుట్టు" అన్నారు సర్జనుగారు. ఇచ్చాను. వేలి చుట్టూ, సంచీ మూతికి తాడు ఎక్కించినట్టు గుండ్రంగా కుట్టు వేసి దారం నా చేతికి ఇచ్చారు. "లాగి పట్టుకో. వదలకు."

"వదలనండి."

"ఎలాగూ వేలు లోపలికి పంపాల్సిందేగా. దారి అదే చూపించింది."

అలా ఆ చిరుగు గుండానే వేలు లోపలికి వెళ్ళింది. వాల్వు విడిపోయిన క్షణం ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు, కళ్ళు మూసుకుని ఉన్నారు. వేలు బయటికి వచ్చాక నేను దారం బిగించాను, ఆయన ముడి వేశారు. నెత్తురు ఆగింది. మత్తు డాక్టరుగారు తల ఊపారు.

సినిమా అయితే ఇక్కడ సంగీతం వచ్చేది. మాకు అప్పుడే అసలు పని మొదలైంది.

గ్లౌజులు మార్చి, మళ్ళీ రెండు పళ్ళాలూ. గోరువెచ్చని సెలైన్‌తో నెత్తురు గడ్డ ఒక్కటి కూడా మిగలకుండా కడిగారు. ఇక సంచి. రెండోసారికి అది సంచిలా మిగలదు, దొరికిన అంచులే దొరుకుతాయి. ఆ అంచుల్ని గుండె మీదికి తెచ్చి వదులుగా కలిపితే, గుండెకీ ఛాతీ గోడకీ మధ్య ఒక పొర ఉంటుంది. రేపు తెరిచేవాళ్ళకు దారి ఉంటుంది.

"మూయొద్దు సార్" అన్నారు మత్తు డాక్టరుగారు. "గుండె అలిసి వాచి ఉంది. ఇప్పుడు మూస్తే నొక్కేస్తుంది."

"వదులుగానే. దూరదూరంగా వేస్తాను."

ఐదు కుట్లు వేశారు. ఐదోది ముడి పడేసరికి మత్తు డాక్టరుగారు, "దిగుతోంది సార్" అన్నారు. బీపీ. కాసేపు చూశాం. "ఇంకా దిగుతోంది."

సర్జనుగారి చేతిలో కత్తెర ఉంది. చెయ్యి కదల్లేదు. ఆయన ఏం ఆలోచిస్తున్నారో నాకు అర్థమైంది. ఆ ఉదయమంతా ఆయన కలగన్నది ఆ ఐదు కుట్లే. మొదటిసారి మేం వదలని దారి, ఈసారి వదిలామన్న సాక్ష్యం. అవి తెంపితే గుండె మళ్ళీ గోడకు అతుక్కుంటుంది. తెంపకపోతే పాప ఇవాళే తల్లిలేనిదవుతుంది.

"పదేళ్ళ తర్వాత వచ్చేవాడికి దారి వదలాలి" అన్నారాయన మెల్లగా. "అందుకు ముందు ఈవిడ పదేళ్ళు బతకాలి."

పై కుట్టు తెంపారు. చూశాం. రెండోది తెంపారు. మత్తు డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. మూడోది కూడా తెంపారు.

"ఆగింది" అన్నారు మత్తు డాక్టరుగారు. చాలాసేపటికి, "ఎక్కుతోంది."

రెండు కుట్లు మిగిలాయి. వాటి కింద సగం గుండెకు కప్పు దొరికింది, సగానికి దొరకలేదు. ఇరుకైన ఇంట్లో ఇద్దరికి ఒకే దుప్పటి చాలినంత. దాంతోనే మూసుకుని బయటికి వచ్చాం.

పిన్ని స్టూలు మీంచి లేచింది. "బతికిందా బాబూ?"

"బతికింది."

"గ్లౌజులెట్టా ఉన్నాయి?"

"అస్సలు ఎక్కలేదమ్మా. వేళ్ళు విరిగిపోయాయి."

"మంచిది" అంది పిన్ని. కొంగుతో మొహం తుడుచుకుని, ఉతకడానికి గ్లౌజులు ఇమ్మని నా వైపు చెయ్యి చాచింది.

టైలరు అడగనే అడిగాడు. "వదిలి కుట్టారా సార్?"

"సగం వదిలాం. సగమే కుదిరింది."

టీచరమ్మ కోలుకోవడానికి ఈసారి చాలాకాలం పట్టింది. మొదట రెండు మాటలకు ఒకసారి ఆగేది, తర్వాత వాక్యం చివరిదాకా వచ్చింది. ఇంటికి వెళ్ళేరోజు పెద్ద సిస్టరు ఆవిణ్ణి కూర్చోబెట్టి, "ఏదైనా పాఠం చెప్పమ్మా" అన్నారు. ఆవిడ ఏనుగు మీద ఏదో రెండో తరగతి పాఠం ఆగకుండా చెప్పింది. పెద్ద సిస్టరు కిటికీ వైపు తిరిగి విన్నారు.

పిల్లలూ, మన పనిలో మెచ్చుకోలు అంతా వాల్వు విప్పిన వేలికే పోతుంది. అది న్యాయమే. కడగడం, తడపడం, తుడవడం ఎప్పుడో వచ్చే ఒక ముక్కూమొహం తెలియని సర్జను కోసం చేసే పని. ఆయన తెరిచి చూసి, "ఎవరో గాని శ్రద్ధగా చేశారు" అనుకుంటాడని మా ఆశ. అప్పటికి మనం అక్కడ ఉండం, ఆయనకి మన ఊరు కూడా తెలియదు. నేను మాత్రం ఆ మాట కోసం సిగ్గు లేకుండా ఎదురుచూశాను. ఆ రెండు కుట్లు ఏం చేశాయో, రెండు పళ్ళాల నీళ్ళు ఏం చేశాయో ఎవరైనా ఒకరు చూసి చెప్పాలి.

తొంభైలు ముగుస్తుండగా సెలవుకు ఇంటికి వెళ్ళి, రేపల్లెలో జాకెట్లు కుట్టడానికి ఇవ్వాలని టీచరమ్మ భర్త షాపుకు వెళ్ళాను. టీచరమ్మకు మూడోసారి కూడా అయిపోయిందని చెప్పాడు, హైదరాబాదులో, పోయిన నెల. బాగుందట, స్కూలుకు కూడా వెళ్తోందట. పాప టెన్త్ దాటి ఇంటర్‌లో చేరిందట. నా చేతిలో జాకెట్లు అలాగే ఉన్నాయి. "తెరిచినాయన ఏమన్నారు? లోపల ఎలా ఉందన్నారు?" అని అడిగాను. అతను చెప్పింది విని, తిరుగు ప్రయాణంలో పని గట్టుకుని దారి మార్చుకుని బాపట్లలో దిగాను. పెద్ద సిస్టరు అప్పటికి రిటైరై అక్కడే ఉంటున్నారు.

గుమ్మంలోనే మూడో ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆవిడ వరండాలో కుర్చీ జరిపి, నేను కూర్చోకముందే అడిగారు. "లోపల ఎలా ఉందన్నారు?"

"చూడలేదటండి."

"చూడకుండా ఎలా చేశారు?"

"ఛాతీ ముట్టుకోలేదట. తొడ దగ్గర సూది గుచ్చి, నరంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం పంపి, అక్కడ బుడగ ఊది వాల్వు విప్పేశారట. మత్తు కూడా పూర్తిగా ఇవ్వలేదట. ఆవిడ డాక్టరుగారితో మాట్లాడుతూనే ఉందట."

పెద్ద సిస్టరు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే ఆ రెండు కుట్లు?"

"ఉన్నాయి గదండి, అక్కడే."

"ఎవరూ చూడరు."

"చూడరండి. ఆవిడ బతికున్నంతకాలం."

ఆవిడ మొహంలో కష్టంగా ఒక నవ్వు కదిలింది. డ్యూటీలో లేరుగా. "ఇంకేం చెప్పాడు?"

"ఆ పూటంతా కాలు మడవద్దన్నారట. సూది గుచ్చిన చోట చిన్న ప్లాస్టరు వేసి పంపారట. అది మర్నాటికే ఊడిపోయిందట."